దెబ్బ నేర్పారు, దూరం నేర్పలేదు

పోయిన ఏడాది చలికాలంలో ఒక జిల్లా కేంద్రంలో, ఆడపిల్లల హాస్టల్లో జరిగిన ఆత్మరక్షణ శిబిరం ముగింపు సభకి పిలిస్తే వెళ్లాను. అలాంటి సభలు మీరూ చూసే ఉంటారు. షామియానా, అధికారుల కోసం తెల్లగుడ్డ కప్పిన కుర్చీలు, ఎండలో బారులు తీరి కూర్చున్న పిల్లలు. ఒక్కొక్కరే ముందుకొచ్చి, గట్టిగా అరిచి, పిడికిలితో పెంకు పగలగొట్టారు. చప్పట్లు, ఫోటోలు, ఝాన్సీరాణి మీద ఉపన్యాసం అన్నీ అయ్యాక, ప్రశ్నలేమైనా ఉంటే అడగమన్నారు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె లేచి, "సార్, వాడే ముందు కొడితే ఏం చెయ్యాలి?" అంది.

శిక్షణ ఇచ్చినాయన నవ్వాడు. "అందుకేనమ్మా, నువ్వే ముందు కొట్టు!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. తనకి కావలసిన జవాబు అది కాదని మొహంలోనే తెలుస్తోంది. కాసేపు నిలబడి కూర్చుండిపోయింది.

సభ అయ్యాక ఆయన్ని పక్కకి పిలిచి అడిగాను. ఒకప్పుడు రాష్ట్రస్థాయి పోటీల్లో ఆడిన బాక్సర్ ఆయన. నిజాయితీగానే చెప్పాడు. "మేడమ్, గుద్దడం పదిరోజుల్లో నేర్పొచ్చు. గుద్దు తప్పించుకోవడం నేర్పాలంటే ఏళ్లు కావాలి. నాకిచ్చినవి ముప్ఫై క్లాసులు. పెంకు పగిలితే ఫోటో వస్తుంది. తప్పించుకుంటే ఫోటోలో ఏముంటుంది?"

ఆయన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన ఆ మాట అన్న తర్వాతే నాకు చాలాకాలంగా అర్థంకాని విషయం ఒకటి అర్థమైంది. మన రాజ్యం, మన క్రీడా సంఘాలు, కొన్నిసార్లు మన మహిళా సంఘాలు కూడా ఆడపిల్ల చేతికి దెబ్బని ఇవ్వడానికి ఒప్పుకుంటున్నాయి. రక్షించుకునే నైపుణ్యాన్ని మాత్రం ఇవ్వడం లేదు. 'రక్షణ' అనే మాటనేమో తమ దగ్గరే ఉంచుకుంటున్నాయి.

బాక్సింగ్ అంటే గుద్దుకోవడం అనుకునేవాళ్లకి ముందుగా ఒక మాట చెప్పాలి. ఆ ఆటలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇద్దరి మధ్య ఉండే దూరం. కోచ్‌లు దాన్ని రేంజి అంటారు. చెయ్యి పూర్తిగా చాచి, భుజం తిప్పి, ముందుకాలు కాస్త జరిపితే పిడికిలి ఎంతవరకు పోతుందో అది మన రేంజి. ఎదుటి మనిషికీ అలాంటిదే ఒకటి ఉంటుంది. ఇద్దరివీ సమానంగా ఉండవు. చేతులు పొడుగున్న మనిషికి దూరం లాభం. ముందుచేతి సూటి గుద్దుతో, జాబ్ అంటారే దానితో, ఎదుటివాళ్లని ఆవలే నిలబెట్టేస్తుంది. పొట్టి మనిషి ఆ దూరంలో నిలబడితే తింటూనే ఉంటుంది, తిరిగి ఇవ్వలేదు. ఆమె ఆ జాబ్‌ని దాటి లోపలికి రావాలి. లోపలికి వచ్చేసిందంటే లెక్క తారుమారవుతుంది. పొడుగు చేతులు మడవడానికి చోటు చాలదు, చిన్న చేతులకి హుక్కూ అప్పర్‌కట్టూ కొట్టడానికి చోటు సరిపోతుంది. మొత్తం పోరు ఆ ఒకటిన్నర అడుగు నేల ఎవరిదన్నదాని మీదే.

ఆ నేల మీద బతకడానికే డిఫెన్స్ కావాలి. తలని బెత్తెడు మాత్రమే పక్కకి జరిపి గుద్దుని చెవి పక్కనుంచి పోనివ్వడం, అరచేత్తో దాన్ని దారి తప్పించడం, మోచేతుల మీద తీసుకోవడం, అరడుగు వెనక్కి వేసి మళ్లీ వెంటనే ముందుకి రావడం. ఇందులో ముఖ్యం బెత్తెడు అన్నది. తలని రెండడుగులు తప్పిస్తే దెబ్బ తగలదు, నిజమే. కానీ అంత దూరం పోయాక తిరిగి కొట్టే వీలూ ఉండదు. ఎదుటివాళ్ల కుడిచెయ్యి గుద్దుకి బయటికొచ్చిన క్షణంలో వాళ్ల కుడిదవడకి కాపలా లేదు. బెత్తెడు తప్పుకున్న మనిషే ఆ క్షణాన్ని వాడుకోగలదు. అంటే బాక్సింగ్‌లో రక్షణ అంటే దాక్కోవడం కాదు, ప్రమాదానికి ఎంత దగ్గరగా నిలబడాలో మనమే నిర్ణయించుకోవడం.

దీనికి అడ్డొచ్చేది కండబలం లేకపోవడం కాదు, కన్ను. దెబ్బ వస్తుంటే కన్ను దానంతటదే మూసుకుంటుంది, మొహం పక్కకి తిరుగుతుంది. మగపిల్లలకీ అంతే. కన్ను తెరిచి ఉంచి, గడ్డం దించి, వస్తున్న పిడికిలిని చూడడం అలవాటు కావడానికి వేలసార్లు, భద్రమైన చోట, నమ్మకమున్న మనిషి చేత మెల్లమెల్లగా గుద్దించుకోవాలి. ముప్ఫై క్లాసుల్లో అయ్యే పని కాదిది.

ఆడపిల్లల విషయంలో ఇంకొకటి ఉంది. ఐరిస్ మేరియన్ యంగ్ అనే అమెరికన్ తత్వవేత్త 1980లో అచ్చయిన ఒక వ్యాసంలో, ఆడపిల్లలు బంతి విసిరేటప్పుడు ఒళ్లంతా వాడకుండా చేతిని మాత్రమే ఎందుకు కదిలిస్తారని ప్రశ్నించింది. తమ చుట్టూ ఉన్న చోటు తమది కాదని నేర్పిన సమాజంలో ఆడవాళ్లు తమ చేతికి అందే దూరాన్ని కూడా పూర్తిగా వాడుకోరని ఆమె వాదన. మన దగ్గర దీనికి పెద్ద రుజువులక్కర్లేదు. బస్సులో మూడు సీట్ల వరసలో మధ్యలో కూర్చున్న ఆడమనిషి మోచేతులు ఎక్కడున్నాయో చూడండి. 'ఒదిగి ఉండు' అన్న మాట వినకుండా పెరిగిన వాళ్లు మనలో ఎంతమంది? మనకి నేర్పిన ఏకైక డిఫెన్స్ అదే. బాక్సింగ్ భాషలో చెప్పాలంటే రెండడుగులు తప్పుకోవడం.

ఇక రక్షణ పేరుతో ఈ ఆట పెద్దలు చేసినదేమిటో చూద్దాం. అమెరికాలో అమెచ్యూర్ బాక్సింగ్ ఆడవాళ్లకి నిషిద్ధంగా ఉండేది. 1993లో డల్లాస్ మల్లోయ్ అనే పదహారేళ్ల పిల్ల కోర్టుకెక్కితే ఆ తలుపు తెరుచుకుంది. ఇంగ్లండులో జేన్ కౌచ్ అనే బాక్సర్‌కి అక్కడి బోర్డు లైసెన్సు నిరాకరించింది. ట్రిబ్యునల్ ముందు బోర్డు చెప్పిన కారణాల్లో ఒకటి, నెలసరికి ముందు ఆడవాళ్ల మనసు నిలకడగా ఉండదని! 1998లో ట్రిబ్యునల్ దాన్ని లింగవివక్ష అని తేల్చి కౌచ్ పక్షాన తీర్పిచ్చింది. అదేమీ పెట్టుబడిదారీ దేశాల జబ్బు మాత్రమే అనుకోకండి. ఒలింపిక్ బాక్సింగ్‌లో మగవాళ్లని రాజుల్లా నిలబెట్టిన క్యూబా తన ఆడపిల్లల్ని రింగులోకి అనుమతించింది 2022 డిసెంబరులో. సమసమాజం కూడా ఆడదాని మొహం దగ్గరికొచ్చేసరికి అరవై ఏళ్లు ఆలోచించింది.

మొహం అన్నాను కదా. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ తన ఇంటర్వ్యూల్లో చెప్పిన సంగతే. మొదట్లో దెబ్బలు తగిలి మొహం వాచి ఇంటికొస్తే తల్లి ఏడ్చింది, ఈ మొహంతో పెళ్లెలా అవుతుందని. ఆ తల్లిని తప్పుపట్టలేం. ఆడపిల్ల మొహం ఆమెది కాదు, పెళ్లి సంతలో కుటుంబం పెట్టే సరుకు అని ఆ తల్లికి నేర్పింది మనమంతా ఉన్న ఈ సమాజమే. నిఖత్ 2009లో విశాఖపట్నం శాయ్ కేంద్రంలో చేరింది. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ టైటిల్, 2022లో అదే దేశంలో ఇస్తాంబుల్‌లో పెద్దల ప్రపంచ టైటిల్, 2023లో ఢిల్లీలో మరొకటి. మధ్యలో భుజం గాయంతో చాలాకాలం ఆటకి దూరంగా ఉంది. ఇస్తాంబుల్ ఫైనల్లో అయిదుగురు జడ్జీలూ ఆమెకే వేశారు. రెండు టైటిళ్ల మధ్య పదకొండేళ్లు. ఆ పదకొండేళ్లకీ నేల, తిండి, కోచ్, వైద్యం కావాలి. వీటిలో ఏ ఒక్కటీ పెంకు పగలగొట్టే శిబిరంలో దొరకదు.

2012 లండన్ ఒలింపిక్స్‌లో తొలిసారి ఆడవాళ్లకి చోటిచ్చారు. మగవాళ్లకి పది బరువు తరగతులు, ఆడవాళ్లకి మూడు. 51, 60, 75 కిలోలు. బరువు తరగతి అంటే కాగితం మీద అంకె అనుకుంటాం గానీ, అది ఎముక పొడవు, చేతి పొడవు, రేంజి. అయిదుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన మణిపురి బాక్సర్ మేరీ కోమ్ ఆడే 48 కిలోల తరగతి ఆ మూడింట్లో లేదు. కాబట్టి బరువు పెరిగి, 51లో తనకంటే పొడుగువాళ్లతో తలపడాల్సి వచ్చింది. సెమీఫైనల్లో ఇంగ్లండుకి చెందిన నికోలా ఆడమ్స్ 11-6తో గెలిచి స్వర్ణం దాకా వెళ్లింది, మేరీ కోమ్‌కి కాంస్యం దక్కింది. ఆడమ్స్ గొప్ప బాక్సర్, ఆ గెలుపు ఆమె కష్టార్జితమే. కానీ ఒక పొట్టి మనిషి తన దూరంలో పోరాడే హక్కుని కోల్పోయింది రింగులో కాదు, కమిటీ గదిలో. ఆమె పతకానికి మనమందరం చప్పట్లు కొట్టాం, 'ఇద్దరు పిల్లల తల్లి' అని పత్రికలు పదేపదే రాశాయి (ముగ్గురో నలుగురో పిల్లల తండ్రి అని ఏ మగ బాక్సర్ గురించైనా రాశారా?). తరగతులు మూడే ఎందుకని అడిగినవాళ్లు బహు కొద్దిమంది.

ఆ లెక్క టోక్యోలో ఎనిమిది-అయిదు అయింది, 2024 పారిస్‌లో ఏడు-ఆరు, 2028 లాస్ ఏంజిలిస్‌కి ఏడు-ఏడు అని నిర్ణయించారు. సమానమవడానికి పదహారేళ్లు.

లండన్‌కి ముందు ఇంకో ముచ్చట నడిచింది. ఆడ బాక్సర్లు లంగాలు వేసుకోవాలని అంతర్జాతీయ సంఘం ప్రతిపాదించింది. తలకవచాలు పెట్టుకుంటే టీవీలో ఆడో మగో తెలియడం లేదని ప్రేక్షకులు అంటున్నారట. గొడవయ్యాక 2012లో 'ఇష్టమైతే వేసుకోండి' అని సర్దుకున్నారు. ఆ తలకవచం సంగతి ఇంకా విడ్డూరం. 2013లో పెద్దల పోటీల్లో మగవాళ్లకి తలకవచం తీసేశారు. కవచం లేకపోతేనే తలకి దెబ్బలు తక్కువని తమ లెక్కలు చెబుతున్నాయన్నారు. ఆడవాళ్లకి మాత్రం ఉంచారు. ఎందుకంటే, ఆడవాళ్ల గురించి తగినంత సమాచారం లేదట! పారిస్ వరకూ అదే తీరు. మగవాళ్లు వట్టి తలతో, ఆడవాళ్లు కవచంతో. తలకవచం చర్మం చిట్లకుండా కొంత కాపాడుతుంది, మెదడు పుర్రెలో కదలడాన్ని మాత్రం ఆపలేదు. పైగా తల చుట్టుకొలత పెరుగుతుంది, పక్కచూపు తగ్గుతుంది. బెత్తెడు తప్పుకుని బతికే మనిషికి అది చిన్న విషయం కాదు. కవచం తీసేయాలని నేనిక్కడ తీర్పివ్వడం లేదు. ఆడవాళ్ల తలల్ని పరిశోధించడానికి పదేళ్లకి పైగా తీరిక దొరకని సంస్థ, ఆ తలల్ని కాపాడుతున్నానని చెప్పుకోవడం ఎలా నమ్మాలి?

రౌండ్ల నిడివి కూడా ఇలాంటిదే. లండన్‌లో, రియోలో మగవాళ్లకి మూడు నిమిషాల రౌండ్లు మూడు, ఆడవాళ్లకి రెండు నిమిషాల రౌండ్లు నాలుగు. మొత్తం కలిపితే తేడా ఒక్క నిమిషం. కాబట్టి అలసట గురించిన బెంగ అనలేం. కానీ రెండు నిమిషాల్లో దూరం కొలుచుకుని, ఎదుటి మనిషి లయ పట్టుకుని, దానికి ఉచ్చు బిగించే సమయం ఉండదు. గంట కొట్టగానే మీదపడి గుద్దేవాళ్లకే లాభం. అలా ఆడించి, 'ఆడవాళ్ల బాక్సింగ్‌లో నైపుణ్యం తక్కువ, హడావిడి ఎక్కువ' అని వాళ్లే అంటారు. అమెచ్యూర్లో 2017 నుంచి ఇద్దరికీ మూడు మూడేసి నిమిషాలు చేశారు. ప్రొఫెషనల్ రింగులో ఇప్పటికీ ఆడవాళ్లకి మామూలుగా రెండు నిమిషాలే. ప్యూర్టోరికోకి చెందిన అమాండా సెరానో 2023 అక్టోబరులో పట్టుబట్టి, మగవాళ్లలాగే పన్నెండు రౌండ్లు, మూడేసి నిమిషాలు ఆడి గెలిచింది. ఒక ప్రపంచ సంస్థ దానికి ఒప్పుకోకపోతే, ఆ సంస్థ ఇచ్చిన బెల్టునే వదిలేసింది. ఆడవాళ్ల ఆరోగ్యం కోసమే రెండు నిమిషాలని ఆ సంస్థ అంటోంది. సెరానో ఆరోగ్యం గురించి సెరానోని అడగాలని వాళ్లకి తట్టలేదు.

ఇక్కడ మనలోనే కొందరు మిత్రులు అభ్యంతరం చెబుతారని తెలుసు. పోయినసారి మా చర్చా సమావేశంలో ఒక సీనియర్ కార్యకర్త, నేను ఎంతో గౌరవించే మనిషి, "హింసని వ్యతిరేకించే మనం పిడిగుద్దుల ఆటకి వకాల్తా పుచ్చుకోవడమేమిటమ్మా? మగవాళ్ల చెత్తంతా మనకీ సగం కావాలా?" అన్నారు. కొట్టిపారేయదగ్గ మాట కాదది. పదేపదే తలకి తగిలే దెబ్బలు మెదడుకి చేటు చేస్తాయి. ఆడైనా మగైనా అంతే. ఈ ఆట చుట్టూ డబ్బున్నవాళ్లు కూర్చుని చూస్తే, రింగులో గుద్దుకునేది ఎప్పుడూ పేదింటి పిల్లలే. ఇదీ నిజమే. అయితే నా జవాబు ఇది. ఆ చేటుని తగ్గించే సాధనం ఆ ఆటలోనే ఉంది, దాని పేరు డిఫెన్స్. అది నేర్పడానికి పట్టే కాలాన్నీ ఖర్చునీ ఎగ్గొట్టి, పిల్లని త్వరగా రింగులోకి తోసి పతకం అడిగే పద్ధతి మీద మనం పోరాడాలి. వద్దని ముందే చెప్పేస్తే ఆ పోరాటం ఎవరు చేస్తారు? పైగా, 'వద్దు, నీ మంచికే' అన్న మాట ఆడపిల్లకి ఇప్పటికే ఇంట్లో నాన్నా, బయట బోర్డూ చెబుతున్నారు. మనం మూడో గొంతు కానక్కర్లేదు.

అలాగని బాక్సింగ్ నేర్చుకుంటే లైంగిక హింస నుంచి బయటపడతామని చెప్పేవాళ్లని కూడా నమ్మను. ఇది స్పష్టంగా చెప్పుకోవాలి. రింగులో ఇద్దరూ ఎదురెదురు మూలల నుంచి మొదలుపెడతారు. బరువులు సమానం, చేతులకి గ్లవ్స్, మధ్యలో రిఫరీ, రెండు మూడు నిమిషాలకి గంట. దూరం అనేది అక్కడ మొదట్నించీ ఉంటుంది. జీవితంలో అలా ఉండదు. మన దేశంలో నమోదయ్యే అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు తెలిసినవాడేనని నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. బాబాయి, పక్కింటివాడు, ప్రేమించానన్నవాడు, మాస్టారు. అతను అప్పటికే చేతికందే దూరంలో ఉన్నాడు. వంటగదిలో భర్త చెయ్యెత్తితే వెనక్కి వెయ్యడానికి అరడుగు ఉండదు, వెనక పొయ్యిగట్టు ఉంటుంది.

మరి అలాంటి చోట పనికొచ్చే శిక్షణ లేదా అంటే, ఉంది. కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల్లో దాదాపు తొమ్మిదివందల మంది మొదటి సంవత్సరం విద్యార్థినులతో చేసిన ఒక అధ్యయనం 2015లో వెలువడింది. సగంమందికి పన్నెండు గంటల శిక్షణ ఇచ్చారు. ఏడాది గడిచాక చూస్తే శిక్షణ పొందినవారిలో అత్యాచారానికి గురైనవాళ్లు నూటికి 5.2 మంది, కరపత్రాలు మాత్రమే అందుకున్న రెండో గుంపులో 9.8 మంది. పన్నెండు గంటలే, కానీ వాటిలో ఏం నేర్పారో చూడండి. తెలిసిన మగవాడి ప్రవర్తన ఎక్కడ ప్రమాదంగా మారుతోందో ముందే గుర్తుపట్టడం, 'అతనేమనుకుంటాడో' అన్న మొహమాటాన్ని తోసెయ్యడం, నోటితో గట్టిగా వద్దనడం, ఆ తర్వాతే దెబ్బ. అంటే వాళ్లు మొదట నేర్పింది దూరం. పెంకు పగలగొట్టించలేదు. ఇంకా ముఖ్యం, దాడి జరిగితే తప్పు దాడి చేసినవాడిదేనని ప్రతి క్లాసులో చెప్పారు. మన శిబిరాల్లో జరిగేది దీనికి తలకిందులు. శిక్షణ ఇచ్చాం కదా, ఇక నీ రక్షణ నీదే, కొట్టలేకపోయావంటే లోపం నీదే అన్న భావం పిల్లల మీద మెత్తగా వచ్చి పడుతుంది. పోలీసుల బాధ్యత, వీధిదీపాల బాధ్యత, ఫిర్యాదు తీసుకోవాల్సిన కమిటీల బాధ్యత ఆ పిల్ల పిడికిలిలోకి చేరిపోతుంది.

సమగ్ర శిక్ష కింద ప్రభుత్వ బడుల్లో ఆరు నుంచి పన్నెండో తరగతి ఆడపిల్లలకి రాణీ లక్ష్మీబాయి పేరున ఇచ్చే ఆత్మరక్షణ శిక్షణ మూడు నెలలు. మూడు నెలలు తక్కువా ఎక్కువా అన్నది, ఏం నేర్పదలిచారన్నదాన్ని బట్టి ఉంటుంది. లైంగిక హింసని గుర్తుపట్టడం, ఎదిరించడం, ఎవరికి చెప్పాలో తెలియడం నేర్పదలిస్తే మూడు నెలలు ధారాళంగా చాలు. దానికి గుద్దుల నిపుణుడి కంటే ఆ విషయం తెలిసిన స్త్రీలు కావాలి. మనలాంటివాళ్లు. బాక్సింగ్ నేర్పదలిస్తే మూడు నెలలు ఎందుకూ చాలదు. కన్ను తెరిచి ఉంచడం కూడా రాదు. ఇప్పుడు చాలాచోట్ల జరుగుతున్నది రెండూ కాదు. బాక్సింగ్ నుంచి దెబ్బని మాత్రం కోసుకొచ్చి, ఆత్మరక్షణ అని పేరు పెట్టి, ఆడపిల్ల చేతిలో పెడుతున్నారు. కొట్టడం మాత్రమే వచ్చి తప్పించుకోవడం రాని మనిషిని ఏ కోచ్ కూడా రింగులోకి పంపడు. మనం ఊళ్లోకి పంపుతున్నాం.

జిల్లాల్లో పనిచేసే మిత్రులకి ఒక విన్నపం. మీ ఊళ్లో స్టేడియం ఉంటే సాయంత్రం ఆరు తర్వాత వెళ్లి చూడండి. బాక్సింగ్ హాలు ఉందా, అందులో ఆడపిల్లలకి కేటాయించిన వేళ ఏది, ఆ వేళకి ఊళ్లకి తిరిగి వెళ్లే బస్సుందా, మరుగుదొడ్డికి గడియ ఉందా, నీళ్లున్నాయా, ఆడ కోచ్ ఉందా, మగ కోచ్ మీద ఫిర్యాదు వస్తే వినే కమిటీ ఉందా, తలకి దెబ్బ తగిలిన పిల్లని చూసే డాక్టరు ఎంత దూరంలో ఉన్నాడు? నేను చూసిన రెండు చోట్ల హాలుకి తాళం వేసి ఉంది, మూడోచోట లోపల ఎన్నికల పెట్టెలు ఉన్నాయి. ఈ వివరాలన్నీ కలిపి జిల్లా క్రీడాధికారికి వినతిపత్రం ఇవ్వాలి. ఇవ్వడమే కాదు, ఆర్నెల్లకోసారి మళ్లీ వెళ్లి అడగాలి. నిఖత్ జరీన్‌కి 2024లో తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. సంతోషం. ఆమె వెనక నిలబడిన పిల్లలకి హాలు తాళం చెవి ఇవ్వమని అడగడం అందులో భాగమే.

ఆ హాస్టల్ శిబిరం నివేదిక నకలు ఒకటి అడిగి తెప్పించుకున్నాను. హాజరైన పిల్లల సంఖ్య, అతిథుల పేర్లు, టిఫిన్ల ఖర్చు, పెంకులకి అయిన ఖర్చు అన్నీ ఉన్నాయి. పిల్లలు అడిగిన ప్రశ్నలు రాయడానికి అందులో గడి లేదు. ఈసారి శిబిరానికి ముందే వార్డెన్‌ని కలిసి ఆ గడి చేర్చమన్నాను. మొదటి ప్రశ్న నేనే రాసిచ్చి వచ్చాను, ఆ పిల్ల అడిగిన మాటల్లోనే.